సింగరేణి కార్మికుల తీరిక, తెర ఎంపిక: గోదావరిఖని నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

ప్రవేశిక

సెలవు దొరికినప్పుడు ఏ సినిమా చూడాలి, ఏ వెబ్ సిరీస్ మొదలుపెట్టాలి అనేది నేడు కేవలం అభిరుచికి సంబంధించిన విషయంగా చలామణి అవుతున్నది. ఓటీటీ వేదికలు కూడా ప్రేక్షకునికి రెండు హామీలిస్తాయి: నచ్చినది చూడవచ్చు, వీలైనప్పుడు చూడవచ్చు. వీటిలో మొదటిదైన అభిరుచిని గురించి సినీ విమర్శ విస్తృతంగా చర్చించింది. రెండవదైన వీలును గురించి జరిగిన చర్చ స్వల్పం. బొగ్గుగనుల పట్టణంలో మాత్రం ప్రేక్షకత్వ చరిత్ర వీలుతోనే మొదలవుతుంది. మూడు షిఫ్టుల్లో పనిచేసే మనిషికి ఏది చూడాలన్న ప్రశ్నకన్నా ముందు, ఎప్పుడు మేలుకొని ఉంటాడన్న ప్రశ్న ఉంది.

ఇది సర్వే ఆధారంగా రాసిన వ్యాసం కాదు. గనుల చట్టంలోని నిబంధనలు, సంస్థ చరిత్ర, ప్రసార మాధ్యమాల కాలక్రమం, కొన్ని చిత్రాల విడుదల తేదీలు మొదలైనవాటిని పక్కపక్కన పెట్టి చదివే ప్రయత్నం. ప్రధాన క్షేత్రం గోదావరిఖని, దాని చుట్టూ ఉన్న రామగుండం ప్రాంతం.

కంపెనీ కొలిచిన తీరిక

ఇల్లెందు సమీపంలో 1871లో డాక్టర్ విలియం కింగ్ బొగ్గు నిక్షేపాలను గుర్తించడం, 1886లో ఇంగ్లండులో హైదరాబాద్ (దక్కన్) కంపెనీ ఏర్పడటం, 1889లో తవ్వకం మొదలుకావడం, 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ అవతరించడం, 1945లో నిజాం ప్రభుత్వం దానిని స్వాధీనపరచుకోవడం తెలిసిన చరిత్రే. రామగుండం ప్రాంతంలో గనులు మొదలైంది 1960ల ఆరంభంలో. అంటే గోదావరిఖని వయసులో చిన్న పట్టణం. నది పేరునూ గని పేరునూ కలుపుకొని పుట్టిన ఈ ఊరికి తొలితరం కార్మికులు కరీంనగర్, ఆదిలాబాద్, వరంగల్లు జిల్లాల పల్లెలనుండి వచ్చారు.

వారు వెంట తెచ్చుకున్న తీరిక వ్యవసాయపు తీరిక. పంట ఇంటికి చేరిన తర్వాత వచ్చేది, జాతరతోనో బతుకమ్మతోనో దసరాతోనో ముడిపడినది, రోజుల తరబడి సాగేది. ఒగ్గుకథ, చిందు భాగవతం రాత్రి మొదలై తెల్లవారేదాకా నడిచేవంటే, మరునాడు ఊరంతటికీ ఒకేసారి విశ్రాంతి దొరకడం అందుకొక కారణం. గని పట్టణంలో ఊరంతటికీ ఒకేసారి విశ్రాంతి ఉండదు. ఒక ఇంట్లో మనిషి నిద్రలేచే వేళకు పక్కింట్లో మనిషి నిద్రకు ఉపక్రమిస్తాడు. తెల్లవార్లూ సాగే ప్రదర్శనకు అక్కడే గండిపడింది.

ఈ తీరికకు చట్టం ఒక కొలత ఏర్పరచింది. వారంలో ఆరు రోజులకు మించి ఎవరినీ పనిచేయనివ్వరాదని 1952 నాటి గనుల చట్టం పేర్కొంది. భూగర్భంలో పని రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది గంటలు దాటరాదన్నది. భూగర్భ కార్మికునికి పనిచేసిన ప్రతి 15 రోజులకు ఒక రోజు, ఉపరితల కార్మికునికి ప్రతి 20 రోజులకు ఒక రోజు వేతనంతో కూడిన సెలవును నిర్దేశించింది. ఆ సెలవుకు అర్హత రావాలంటే ఏడాదిలో భూగర్భంలో 190, ఉపరితలంలో 240 హాజరులు నిండాలని ఆ చట్టం షరతు పెట్టింది. అంతకుముందే, 1947 నాటి బొగ్గుగనుల కార్మిక సంక్షేమ నిధి చట్టం వినోద సౌకర్యాలను కూడా సంక్షేమంలో భాగంగా గుర్తించింది.

కోల్‌బెల్టు వాడుకలో పనిలేని రోజుకు ఒక్క పేరు లేదు. వారపు సెలవు ‘ప్లేడే’, మంజూరైన సెలవు ‘లీవు’, చెప్పకుండా మానేస్తే ‘నాగా’, ఆసుపత్రి చీటీతో మానేస్తే ‘సిక్’. ఈ నాలుగింటికీ కూలి లెక్క వేరు, పరువు లెక్క వేరు. అభిమాన నటుని సినిమా విడుదలైన రోజున కార్మికుడు పెట్టే నాగా ఖరీదు టికెట్టు ఒక్కటే కాదు. ఒక రోజు కూలి పోతుంది, మస్టర్లలో ఒకటి తగ్గుతుంది. మస్టర్లు తక్కువపడిన వానికి మరుసటి ఏటి సెలవు కూడా తగ్గుతుంది. తీరికను కొనడానికి తీరికనే ఖర్చుపెట్టే ఈ లెక్కను సినిమా వసూళ్ల చరిత్ర ఎక్కడా నమోదు చేయదు.

మూడు షిఫ్టులు, నాలుగు ఆటలు

థియేటరు రోజుకు నాలుగు ఆటలుగా నడుస్తుంది: ఉదయపు ఆట, మ్యాట్నీ, మొదటి ఆట, రెండో ఆట. గని మూడు షిఫ్టులుగా నడుస్తుంది: స్థూలంగా ఉదయం ఏడునుండి మూడు, మూడునుండి పదకొండు, పదకొండునుండి మరునాటి ఏడు. ఈ రెండు పట్టికలను ఒకదానిపై ఒకటి పెట్టి చూస్తే ఎంపిక అన్న మాటకు ఉన్న హద్దులు తెలుస్తాయి. మొదటి షిఫ్టు దిగిన వానికి సాయంత్రం మొదటి ఆట అనుకూలం. రెండో ఆటకు పోతే ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి దాటుతుంది, తెల్లవారుజామునే లేవాలి. రెండో షిఫ్టు వానికి ఉదయపు ఆట ఒక్కటే దిక్కు. అది ముగిసిన గంటకు బాయి దగ్గర ఉండాలి. రాత్రి షిఫ్టు వానికి మ్యాట్నీ, మొదటి ఆట రెండూ అందుతాయి కాని, పగటి నిద్రను తాకట్టుపెట్టాలి. నిద్రలేక గనిలోకి దిగడం ప్రాణాపాయమన్నది అక్కడ అందరికీ తెలుసు.

షిఫ్టు వారానికోసారి మారుతుంది కనుక మూడు వారాల్లో చక్రం పూర్తవుతుంది. ఒక చిత్రం పట్టణంలో మూడు వారాలు ఆడితే ప్రతి కార్మికునికీ ఏదో ఒక వారం అనువైన ఆట దొరుకుతుంది. ఒక్క వారంలో వెళ్లిపోయే చిత్రం మాత్రం మూడింట ఒక వంతు మందికే అనువుగా ఆడినట్టు. ఏ సినిమా ‘ఆడింది’, ఏది ‘పోయింది’ అని గని పట్టణంలో చెప్పుకొనే తీర్పులలో ఈ అంకగణితానికి కూడా భాగం ఉందని నా అభిప్రాయం.

ఆదివారం వెల

హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరులో ప్రసారాలు ప్రారంభించింది. గని పట్టణానికి సంబంధించినంతవరకు అసలు మలుపు పదేళ్ల తర్వాత వచ్చింది. 1987 జనవరిలో మొదలైన ‘రామాయణ్’, 1988 అక్టోబరులో మొదలైన ‘మహాభారత్’ రెండూ ఆదివారం ఉదయం ప్రసారమయ్యాయి. దేశమంతటా వీధులు నిర్మానుష్యమయ్యాయని ఆ ధారావాహికల గురించి రాసినవారందరూ చెబుతారు. అయితే ఆదివారం అందరికీ సెలవన్న ఊహ ఆ మాటలో దాగి ఉంది.

చట్టం వారానికొక విశ్రాంతి దినం అన్నదే గాని, అది ఆదివారమే కావాలనలేదు. పంపులు, ఫ్యాన్లు, విద్యుత్తు, భద్రత వంటి విభాగాల్లో ఆదివారం కూడా మనుషులు కావాలి. అంతకన్నా ముఖ్యం, విశ్రాంతి దినాన పనిచేసిన వానికి బొగ్గు పరిశ్రమలో రెట్టింపు వేతనం. ప్లేడే డ్యూటీకోసం కార్మికులు పోటీపడటం, అది తగ్గితే సంఘాలు నిరసన తెలపడం నేటికీ ఉంది. కనుక ఆదివారం ఉదయం టీవీ ముందు కూర్చోవడం ఉచిత వినోదం కాదు. రెండు రోజుల కూలిని వదులుకొని కూర్చోవడం. పిల్లల ఫీజో చెల్లి పెళ్లో ముందున్న ఇంట్లో ఆ ధర చెల్లించింది తండ్రి కాదు, ఇంట్లో ధారావాహిక చూసింది తండ్రి లేని కుటుంబం.

ముందుగది

1980లలో గల్ఫ్ వలసలు బలంగా ఉన్న ఉమ్మడి కరీంనగర్ జిల్లాకు వీసీఆర్ చేరడంతో సమయం మొదటిసారి ప్రేక్షకుని చేతికి కొంత చిక్కింది. క్యాసెట్‌ను రాత్రి పన్నెండుకైనా పెట్టుకోవచ్చు. కాని ఎంపిక ఒక్కరిది కాదు. అద్దె పంచుకున్నవారందరిదీ. 1995లో జెమిని, ఈటీవీ వచ్చి, కేబుల్ విస్తరించాక వాలకం మళ్లీ మారింది. రోజువారీ ధారావాహిక స్త్రీలను ప్రధాన ప్రేక్షకులుగా గుర్తించింది. పురుషుని షిఫ్టు మారినా ధారావాహిక వేళ మారదు.

కంపెనీ క్వార్టర్ నిర్మాణాన్ని ఇక్కడ గుర్తుచేసుకోవాలి. యైటింక్లయిన్ కాలనీలోనైనా గోదావరిఖనిలోని పాత క్వార్టర్లలోనైనా గదులు కొన్నే. టీవీ ముందుగదిలో ఉంటుంది. రాత్రి షిఫ్టు చేసిన మనిషి పగలు పడుకునేది దానికి ఒక గోడ అవతల, లేదా ఆ గదిలోనే. ఆ వారమంతా ఇంట్లో టీవీ గొంతు తగ్గుతుంది, పిల్లల గొంతు కూడా తగ్గుతుంది. చరిత్రకారులు శబ్దాన్ని ఆధారంగా తీసుకోవడం అరుదు. కాని గని పట్టణంలో స్త్రీల వినోదాన్ని నిర్ణయించింది చాలావరకు ఈ శబ్దమే. ఇంటిపనికి ప్లేడే లేదు. రాత్రి షిఫ్టు వారంలో, ఉన్న కొద్ది తీరికను కూడా ఆమె భర్త నిద్రకు ఒప్పజెప్పేది.

ఈ దృష్టితో చూస్తే 2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా చవక కావడంకన్నా, దానితోపాటు ఇంటింటా చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోను స్థిరపడటం గని పట్టణంలో పెద్ద మార్పు. తెర విడివడింది, శబ్దం విడివడింది. ఒకే గదిలో ఒకరు నిద్రపోతుండగా మరొకరు సిరీస్ చూడగలరు. దీనిని కుటుంబ విచ్ఛిత్తి అని వాపోయే వ్యాసాలు తరచుగా కనిపిస్తాయి. మూడు గదుల ఇల్లు, పగటి ఉద్యోగం ఉన్నవారు రాసిన వాపోవడాలవి.

నాలుగు వారాల గడువు

2020లో ‘ఆహా’ రావడం, అదే ఏడాది లాక్‌డౌన్‌లో థియేటర్లు మూతపడటం తెలుగునాట ఓటీటీని స్థిరపరిచాయి. లాక్‌డౌన్‌లోనూ బొగ్గు అత్యవసర ఉత్పత్తే అన్నది మరువరాదు. థర్మల్ కేంద్రాలు ఆగవు కనుక గనులూ పూర్తిగా ఆగలేదు.

తర్వాతి కాలపు తేదీలు ఆసక్తికరం. ‘విరాటపర్వం’ 2022 జూన్ 17న థియేటర్లకు, జులై 1న నెట్‌ఫ్లిక్స్‌కు వచ్చింది. ‘బలగం’ 2023 మార్చి 3న విడుదలై 24న ప్రైమ్ వీడియోలో చేరింది. ‘దసరా’ 2023 మార్చి 30న విడుదలై ఏప్రిల్ 27న నెట్‌ఫ్లిక్స్‌లో కనిపించింది. వరుసగా రెండు, మూడు, నాలుగు వారాలు. పైన చెప్పిన మూడు వారాల షిఫ్టు చక్రంతో వీటిని పోల్చితే, థియేటరులో తన వంతు రాకముందే సినిమా ఫోనులోకి వస్తుందన్న నమ్మకం కార్మికునికి ఎలా కలిగిందో అర్థమవుతుంది. నాగా పెట్టవలసిన అవసరం తగ్గింది. సినిమాకోసం కూలి పోగొట్టుకునే మనిషి చరిత్ర ఇక్కడ చాలావరకు ముగుస్తుంది.

ఈ వీలు అందరికీ ఒక్కతీరుగా రాలేదు. 1990ల ఆరంభంలో లక్ష దాటిన సింగరేణి శాశ్వత ఉద్యోగుల సంఖ్య ఇప్పుడు నలభై వేల ప్రాంతానికి తగ్గింది. ఓపెన్‌కాస్టులు పెరిగాయి, కాంట్రాక్టు కార్మికులు పెరిగారు. శాశ్వత ఉద్యోగికి క్వార్టర్, లీవు, లాభాల్లో వాటా ఉన్నాయి. పక్కనే అదే దుమ్ములో పనిచేసే కాంట్రాక్టు కార్మికునికి చేతిలో ఉన్నది ఫోనే. నెట్‌ఫ్లిక్స్ 2019 జులైలో రూ.199కి ప్రవేశపెట్టిన మొబైల్ పథకాన్ని 2021 డిసెంబరులో రూ.149కి తగ్గించింది. 2023 జులైలో ఇళ్ల మధ్య పాస్‌వర్డ్ పంపకాన్ని కట్టడి చేసింది. వీసీఆర్ అద్దెను నలుగురు పంచుకున్న పట్టణానికి ఈ కట్టడి కొత్త రకం. యంత్రాన్ని పంచుకోవచ్చు గాని, ఖాతాను పంచుకోరాదు. చందా కట్టలేనివాడు యూట్యూబులోని పాత సినిమాలకు, అనువాద చిత్రాలకు మళ్లుతాడు. అక్కడ ఎంపిక అపారం, కాని కొత్తది ఉండదు.

తెరపై బొగ్గు

సమయం చేతికి చిక్కిన ఈ ప్రేక్షకునికి తన బతుకు తెరపై ఎంత దొరుకుతుంది?

హిందీలో బొగ్గు సినిమాకు ఒక వరుస ఉంది. ధన్‌బాద్ సమీపాన చాస్నాలా గనిలోకి 1975 డిసెంబరు 27న నీరు చొరబడి 370 మందికి పైగా మరణించిన ప్రమాదం యశ్ చోప్రా తీసిన ‘కాలా పత్థర్’ (1979)కు ప్రేరణ. 1989లో రాణిగంజ్ గనినుండి 65 మందిని వెలికితీసిన ఘటనపై 2023లో ‘మిషన్ రాణిగంజ్’ వచ్చింది. గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి 2003 జూన్ 16న నీరు ముంచెత్తి 17 మంది కార్మికులు మరణించారు. చాస్నాలాకు దక్కినంత స్మృతి తెలుగు తెరపై ఈ ఘటనకు దక్కలేదు.

గోదావరిఖని ప్రాంతంనుండి వచ్చిన శ్రీకాంత్ ఓదెల తొలి చిత్రం ‘దసరా’ బొగ్గు దుమ్మును, భాషను, కదిలే గూడ్సు బండినుండి బొగ్గు దొంగిలించే కుర్రాళ్లను తెరపైకి తెచ్చింది. అది తక్కువ విషయం కాదు. కాని కథకు కేంద్రం బారు, ఊరి రాజకీయం, స్నేహం, పగ. గనిలోపలి పని కాదు. అదే ఏడాది జూన్‌లో మంచిర్యాల నేపథ్యంగా వచ్చిన ‘పరేషాన్’లో సింగరేణి ఉద్యోగం తండ్రినుండి కొడుకుకు అందవలసిన ఆస్తి. అక్కడా పని కన్నా ఉద్యోగమే కథావస్తువు. ‘సలార్’ మరీ విచిత్రమైన ఉదాహరణ. 2021 ఆరంభంలో దాని చిత్రీకరణ కొంత గోదావరిఖని వద్ద ఓపెన్‌కాస్టు గనిలో జరిగింది. సింగరేణి దినోత్సవానికి ఒక్కరోజు ముందు, 2023 డిసెంబరు 22న అది విడుదలైంది. దశాబ్దాల తవ్వకం మిగిల్చిన ఆ గుంత తెరపై ఖాన్సార్ అనే కల్పిత రాజ్యానికి నేపథ్యం. చూసిన కార్మికుడు గుట్టల వాలునుబట్టి అది ఏ క్వారీయో చెప్పగలడు. కథకు ఆ జ్ఞానం అవసరం లేదు.

దీనికి ఒక ఎదురువాదం ఉంది, దానిని తోసివేయలేం. ఎనిమిది గంటలు చీకట్లో టోపీదీపం వెలుగున పనిచేసి వచ్చినవాడు మళ్లీ అదే చీకటిని తెరపై ఎందుకు చూడాలి? వినోదం బయటి లోకం కోసమే కదా? నిజమే. కాని గని జీవితం అక్షరంలోకి వచ్చినప్పుడు, అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి, పి. చందు రాసినప్పుడు, ఆ కథలకు గని పట్టణంలోనే పాఠకులు దొరికారు. తమను తాము చూసుకోవడానికి వారు వెనుదీయలేదు. 1981లో 56 రోజులు సమ్మె చేసిన తరానికి పాటలో, కథలో తమ పని కనిపించడం అలవాటే.

ఆ కథలు నేడు విశ్వవిద్యాలయాల సిద్ధాంతవ్యాసాల్లో ఉన్నాయి. సిరీస్‌కు కావలసిన పాత్రలు, ఏళ్ల తరబడి సాగే కాలం, అధ్యాయాల విడివిడి ముగింపులు సింగరేణి నవలల్లో సిద్ధంగా ఉన్నాయి. అర్ధరాత్రి రెండో షిఫ్టు దిగి, స్నానం చేసి, ఇల్లంతా నిద్రిస్తుండగా ఫోను తెరిచిన కార్మికుని ముందున్న వందల పేర్ల పట్టికలో ధన్‌బాద్ ఉంది, రాణిగంజ్ ఉంది, ఖాన్సార్ కూడా ఉంది.