తెలుగు తెరపై వంగ సాహిత్యం: అనువాదం నుండి చలనచిత్రం వరకు

చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయానికీ ఆర్టీసీ క్రాస్ రోడ్డు సినిమా హాళ్లకూ మధ్య ఉన్నది నడిచి వెళ్లేంత దూరమే. శరత్ తెలుగు పుస్తకానికీ శరత్ తెలుగు చిత్రానికీ మధ్య దూరాన్ని మాత్రం మన పరిశోధన పెంచుతూ వచ్చింది. బెంగాలీ మూలాన్ని ఒక వైపు, చిత్రాన్ని మరొక వైపు ఉంచి పోల్చడం మనకు అలవాటు. ఆ పోలికలో మూలం పేరిట ఉటంకించే వాక్యాలు తరచుగా తెలుగు అనువాదంలోనివే. అనువాదకుని పేరైనా లేకుండా అవి శరత్ వాక్యాలుగా చెలామణి అవుతుంటాయి. ఇది మర్యాదకు సంబంధించిన లోపం మాత్రమే కాదు. తెలుగు చిత్రసీమ చేతికి అందిన శరత్ ఎవరు అన్న చారిత్రక ప్రశ్న దీనితో ముడిపడి ఉంది.

ఆ శరత్‌ను తెలుగువారికి అందించినవారిలో ముందు చెప్పుకోవలసిన పేరు చక్రపాణి. తెనాలికి చెందిన ఆలూరి వెంకటసుబ్బారావు మదనపల్లె ఆరోగ్యకేంద్రంలో క్షయవ్యాధికి చికిత్స పొందుతూ బెంగాలీ నేర్చుకున్నారు. ఆయన తెనుగు సేతలో శరత్ పాత్రలు మన మండువా లోగిళ్లలో మసలినట్లే మాట్లాడాయి. బొందలపాటి శివరామకృష్ణ, మద్దిపట్ల సూరి ఆ పనిని కొనసాగించారు. శరత్ తెలుగు రచయితేనని నమ్మిన పాఠకులు ఉండేవారన్న మాట ఊరకే పుట్టలేదు. నిర్మాతలకు ఇది ఎంతో కలిసివచ్చింది. కథ పరాయిది అన్న జంకు ప్రేక్షకునిలో అప్పటికే తొలగిపోయింది.

వినోదా వారి ‘దేవదాసు’ 1953లో విడుదలైంది. నిర్మాత డి.ఎల్. నారాయణ, దర్శకుడు వేదాంతం రాఘవయ్య. తమిళంలోనూ ఏకకాలంలో తయారైంది. 1917లో అచ్చయిన ఈ నవలను కలకత్తాలోని న్యూ థియేటర్స్ సంస్థకు పి.సి. బారువా 1935లో బెంగాలీలోను, మరుసటి ఏడు సైగల్‌తో హిందీలోను తీశారు. కనుక తెలుగు చిత్రానికి పుస్తకంతో పాటు తెర సంప్రదాయం కూడా ముందే ఉంది. పాత్రల పేర్లు, కథాగమనం, విషాదాంతం నవలవే. అయితే సముద్రాల సాహిత్యం, సుబ్బురామన్ బాణీలు, ఘంటసాల గొంతు కలిసి నవలలో లేని ఒక పనిని నెరవేర్చాయి. దేవదాసు బలహీనతను శరత్ కొంత ఎడంగా నిలబడి, అప్పుడప్పుడూ నిష్ఠురంగానే చూస్తాడు. తెరమీద ఆ బలహీనత పాటగా మారేసరికి ప్రేక్షకుడు అతనిని ప్రశ్నించడం మాని అతనితో గొంతు కలిపాడు. నా దృష్టిలో ఈ అనుసరణలో అతి పెద్ద మార్పు ఇదే. కథలో చేసిన కూడికలు, తీసివేతలు దీని తరువాతివే.

మరొక అంశం ఇంతగా చర్చకు రాలేదు. నవలలో ముఖర్జీల ఇల్లు పార్వతి సంబంధాన్ని నిరాకరించడానికి ఇంటి పక్క సంబంధం కావడమే కాక, ఆమె పుట్టింటివారు ఆడపిల్లకు సొమ్ము పుచ్చుకునే వంశం కావడం కూడా కారణం. అంటే మన మాటలో కన్యాశుల్కం. గురజాడను చదివిన సమాజానికి ఇది వివరణ అక్కరలేని సంగతి. అయినా తెలుగు చిత్రంలో ప్రధానంగా ముందుకు వచ్చినది జమీందారీ అంతస్తు. చిత్రమేమంటే ఇదే వినోదా సంస్థ రెండేళ్ల తరువాత, 1955లో, పి. పుల్లయ్య దర్శకత్వంలో ‘కన్యాశుల్కం’ తీసింది. రెండు చిత్రాలలోనూ సావిత్రి ఉన్నారు. ఈ రెండింటినీ పక్కపక్కన ఉంచి చదివితే వివాహం గురించి ఆ దశాబ్దపు సినిమా ఏది బహిరంగంగా అన్నదో, ఏది అంతస్తు మాటున దాచిందో తేలుతుంది.

‘నిష్కృతి’ ఆధారంగా అన్నపూర్ణా సంస్థ 1957లో తీసిన ‘తోడికోడళ్లు’ది వేరే దారి. దర్శకుడు ఆదుర్తి సుబ్బారావు. ఇక్కడ పేర్లూ ఊళ్లూ మారాయి. శరత్ గిరీశుడు ఎస్.వి. రంగారావు పోషించిన మతిమరుపు వకీలు కుటుంబరావు అయ్యాడు. ఆ మతిమరుపు హాస్యం కోసం పెట్టినది కాదు; ఇంటి లెక్కలు మరిచిన మనిషి కాబట్టే కడపటికి న్యాయం అతని చేతనే జరుగుతుంది. ఈ మెలికను చిత్రం బాగా పట్టుకుంది. కానీ శరత్ రమేశుడు పనీపాటా లేని సంసారి. కథానాయకునిగా నాగేశ్వరరావు వచ్చేసరికి అతను శ్రమను గౌరవించే సత్యం అయ్యాడు. ఉమ్మడి కుటుంబపు గదుల మధ్య నడిచిన నవల ఆ విధంగా పొలం గట్టు దాకా వెళ్లింది. ఇది తారకు తగినట్లు చేసిన సర్దుబాటే కావచ్చు. ప్రణాళికల కాలపు ఊపిరి కూడా అందులో ఉంది.

భరణీ వారి ‘బాటసారి’ (1961) ‘బడదీదీ’కి తెర రూపం. వితంతువు మాధవిగా భానుమతి నటించారు. అదే సంవత్సరం ఆత్రేయ దర్శకత్వంలో ‘దత్త’ ‘వాగ్దానం’గా వచ్చింది.

మరి చక్రపాణి మాటేమిటి? నిర్మాతగా ఆయనకు పేరు తెచ్చిన వంగ కథ శరత్‌ది కాదు. విజయా వారి ‘మిస్సమ్మ’ (1955)కు మూలం రవీంద్రనాథ మైత్ర హాస్య నాటకం ‘మన్మయీ గర్ల్స్ స్కూల్’. శరత్ విషాదాన్ని తెలుగు చేసిన చేయే తెరకు వచ్చేసరికి హాస్యాన్ని ఎంచుకుంది. తెలుగు సినిమాలో వంగ ప్రభావమంటే కన్నీరే అని తేల్చేవారు ఈ చిత్రాన్ని ఏ లెక్కలో వేస్తారో తెలియదు.

1950ల చివరికి మూలం పుస్తకం నుండి తెరకు జరిగింది. ‘మాంగల్యబలం’ (1959) కథ ఆశాపూర్ణాదేవిది. అయితే మన నిర్మాతలు చూసినది దాని ఆధారంగా 1954లో వచ్చిన ‘అగ్నిపరీక్ష’ చిత్రాన్ని. అనువాదకుని స్థానంలోకి ఫిలిం డబ్బా వచ్చింది.

ఆ తరువాత రాకపోకల దిశ కూడా మారింది. మృణాల్ సేన్ 1977లో ‘ఒక ఊరి కథ’ను, ఆపై గౌతమ్ ఘోష్ తెలంగాణ సాయుధ పోరాటం నేపథ్యంగా ‘మా భూమి’ని తెలుగులో తీశారు. దర్శకులిద్దరూ బెంగాలీలే. కథలు మాత్రం ఒకటి ప్రేమ్‌చంద్‌ది, మరొకటి కిషన్ చందర్‌ది.