జోడెడ్ల నాటి ఓటు

మా ఇళ్ళలో కాంగ్రెస్‌ను పార్టీ అని ఎవరూ అనేవారు కాదు. గుర్తు అనేవారు. మా తాతలు జోడెడ్ల మీద గుద్దారు. మా అబ్బాలు, అమ్మీలు ఆవూదూడ మీద గుద్దారు. మాకు ఓటొచ్చే నాటికి అది చెయ్యి అయింది. గుర్తు రెండుసార్లు మారింది, ఓటు మారలేదు. బురఖా సర్దుకుంటూ క్యూలో నిలబడ్డ మా నానమ్మలకు అభ్యర్థి పేరు తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు. ఇందిరమ్మకు వేస్తున్నామనే తెలుసు. అంత గట్టి ఓటు 1992 డిసెంబరు తర్వాత ఒక మనిషి మీద తిరగబడింది. ఆ మనిషి బయటివాడు కాదు, ఆ పార్టీకే అధ్యక్షుడు, దేశానికి ప్రధాని. పైగా మన తెలుగువాడు, కరీంనగర్ జిల్లా వంగర దొరబిడ్డ, ఉర్దూ మాట్లాడితే మా పెద్దలే చెవి ఒగ్గి వినేంత బాగా మాట్లాడగలవాడు. దీన్నంతా పత్రికల వాళ్ళు 'ముస్లిం ఓటు బ్యాంకు జారిపోయింది' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. బ్యాంకట! మేం దాచుకున్నదేమిటో, మాకు ముట్టిన వడ్డీ ఎంతో అడిగినవాళ్ళు లేరు.

ఆ ఓటు ప్రేమతో పడిందని లౌకికవాద మిత్రులు అనుకుంటారు. ప్రేమ కంటే ముందు భయం ఉంది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. అయిదు రోజుల్లో నిజాం లొంగిపోయాడు. ఆ తర్వాత ఉస్మానాబాద్, బీదర్, గుల్బర్గా, నాందేడ్ జిల్లాల్లో జరిగింది నిజాముకు కాదు, ఊళ్ళల్లో ఉన్న సాయిబులకు జరిగింది. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ బృందం చనిపోయినవాళ్ళు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని అంచనా కట్టింది. ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. రజాకార్ల పాపం రజాకార్లతో ఎలాంటి సంబంధమూ లేని దర్జీవాడు, టాంగావాడు మోశారు. అలాంటి రోజుల్లో నెహ్రూ పేరు పట్టుకుని నిలబడటం తప్ప మా పెద్దలకు మరో దారి కనపడలేదు. ఖద్దరు టోపీ ఒక తాయెత్తు. 1957-58లో మజ్లిస్ మళ్ళీ లేచినా అది చాలాకాలం పాతనగరం గోడలు దాటలేదు. జిల్లాల్లో మా ఓటు కాంగ్రెస్‌దే. కోస్తా, రాయలసీమల్లో 1948 గాయం లేదు. అక్కడి దూదేకులవాళ్ళు, నూర్‌బాషాలు, షేకులు ఊరి పెద్ద రెడ్డి ఎటంటే అటు వేశారు. ఆ రెడ్డీ ఎక్కువసార్లు కాంగ్రెస్సే. 1977లో కుటుంబ నియంత్రణ శిబిరాలు, తుర్క్‌మాన్ గేటు కాల్పుల మీద కోపంతో ఉత్తరాది ముసల్మాన్లు ఇందిరను దించితే, మన రాష్ట్రం 42 లోక్‌సభ స్థానాల్లో 41 ఆమెకే ఇచ్చింది. అందులో మా ఓటూ ఉంది.

ఆ తర్వాత మేం మింగినవి తక్కువేమీ కాదు. అసలు 1949 డిసెంబరు 22 రాత్రి బాబ్రీ మస్జిద్‌లో విగ్రహాలు వెలసినప్పుడు లక్నోలో ఉన్నది కాంగ్రెస్ ప్రభుత్వం. ఢిల్లీలోనూ కాంగ్రెస్సే. తీయించమని నెహ్రూ చెప్పాడు, తీయలేదు. తలుపుకు తాళం వేశారు. ఆ తాళాన్ని 1986 ఫిబ్రవరిలో ఫైజాబాద్ జడ్జి తీయమంటే గంట తిరక్కుండా తీశారు. అదే ఏడు షాబానో తీర్పును తిప్పికొడుతూ చట్టం వచ్చింది. మౌల్వీలకొక చట్టం, సాధువులకొక తాళంచెవి. మధ్యలో మా ఆడపడుచులను ఏం కావాలని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. 1987లో మీరట్ హాషింపురాలో పోలీసులు కుర్రవాళ్ళను లారీలో ఎక్కించుకుపోయి కాలువ గట్టున కాల్చేశారు. నలభై మందికి పైగా పోయారు. అప్పుడూ అక్కడ కాంగ్రెస్ ముఖ్యమంత్రే. శిక్ష పడటానికి 2018 దాకా ఆగాల్సి వచ్చింది. 1989 అక్టోబరులో భాగల్పూర్‌లో వెయ్యి మంది దాకా చచ్చారు. ఆ మంటలు ఆరకముందే నవంబరులో అయోధ్యలో శిలాన్యాసానికి అనుమతిచ్చి, పక్కనున్న ఫైజాబాద్ నుంచి రామరాజ్యం మాటతో రాజీవ్ ప్రచారం మొదలెట్టాడు. ఇక మన హైదరాబాద్ సంగతి. 1990 డిసెంబరులో పాతనగరం తగలబడింది. వంద మందికి పైగా పోయారు. చెన్నారెడ్డిని గద్దె దించడానికి సొంత పార్టీవాళ్ళే చేయించారన్న మాట అప్పట్లో ప్రతి హోటల్ బల్ల దగ్గరా వినపడింది. చెన్నారెడ్డి దిగిపోయాడు. మా శవాలు ఎవరి లెక్కలోనూ చేరలేదు.

ఇన్ని జరిగినా 1991లో నంద్యాలకు వచ్చేసరికి మావాళ్ళు మళ్ళీ ఆ గుర్తుకే గుద్దారు. రాజీవ్ హత్య తర్వాత జూన్‌లో పీవీ ప్రధాని అయ్యాడు. అప్పటికాయన ఏ సభలోనూ సభ్యుడు కాడు. నంద్యాల సీటు ఖాళీ చేయించారు. తెలుగుబిడ్డ ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ పోటీయే పెట్టలేదు. ఎదురు నిలబడింది భారతీయ జనతా పార్టీ నుంచి బంగారు లక్ష్మణ్. ఇక మావాళ్ళకు ఆలోచించడానికి ఏముంది? తెలుగు అభిమానం ఒకవైపు, రథయాత్ర పార్టీని ఓడించాలన్న పట్టుదల ఇంకోవైపు. పీవీకి వచ్చిన ఆధిక్యం దాదాపు 5 లక్షల 80 వేలు. నంద్యాల, ఆత్మకూరు, బనగానపల్లె పక్కన మాకున్న బలగం తెలిసినవాళ్ళకు ఆ అంకెలో మా వాటా ఎంతో చెప్పనక్కర్లేదు. ఆ పార్టీ ఆయనకు కొత్త కూడా కాదు. 1984లో దేశమంతా కాంగ్రెస్ గాలి వీస్తుంటే హన్మకొండలో ఆయనను ఓడించింది ఆ పార్టీ అభ్యర్థి చందుపట్ల జంగారెడ్డే. దేశం మొత్తంలో ఆ పార్టీ గెలిచిన రెండు సీట్లలో అదొకటి. అలాంటి దెబ్బ తిన్న మనిషి వాళ్ళను ఎదుర్కోడా అన్నది మా పెద్దల ధీమా. 1984లోనే ఢిల్లీలో సిక్కులను కాల్చి చంపుతుంటే హోంమంత్రిగా ఉన్నది కూడా ఈయనేనన్న సంగతి నంద్యాలలో ఎవరూ ఎత్తలేదు.

1992 నవంబరు 23న జాతీయ సమైక్యతా మండలి కూర్చుని, మస్జిద్‌ను కాపాడటానికి ఏ చర్య తీసుకున్నా మీ వెంట ఉంటామని ప్రధానికి చెప్పింది. హోంశాఖ దగ్గర పథకం సిద్ధంగా ఉంది. ఫైజాబాద్‌లో కేంద్ర బలగాలు దిగి ఉన్నాయి. కల్యాణ్‌సింగ్ ప్రభుత్వం మస్జిద్‌కు ఏమీ కానివ్వమని సుప్రీంకోర్టుకు మాటిచ్చింది. లక్నో రాజ్‌భవన్‌లో గవర్నర్ బి. సత్యనారాయణరెడ్డి. ఆయనా మన పాలమూరు వైపు మనిషే. ఆ ప్రభుత్వాన్ని ఇప్పుడు రద్దు చేయొద్దని డిసెంబరు మొదట్లో ఢిల్లీకి రాశాడు. పీవీ తర్వాత చెప్పుకున్నదంతా ఈ కాగితాల మీద ఆధారపడ్డదే. నేరం జరగకముందే రాష్ట్ర ప్రభుత్వాన్ని రద్దు చేయడానికి రాజ్యాంగం ఒప్పదన్నాడు. చనిపోయాక 2006లో వచ్చిన పుస్తకంలోనూ అదే వాదన. లిబర్హాన్ కమిషన్ 17 ఏళ్ళు విచారించి 2009లో ఇచ్చిన నివేదికలోనూ ఆయన మీద తప్పు మోపలేదు.

సరే, ఆ వాదనను ఒప్పుకునే మాట్లాడదాం. డిసెంబరు 6 మధ్యాహ్నం దాకా రాజ్యాంగం అడ్డమొచ్చిందనుకుందాం. సాయంత్రానికి మూడు గుమ్మటాలూ కూలిపోయాయి. అదే రోజు ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన వచ్చింది. అంటే ఆ సాయంత్రం నుంచి ఆ స్థలానికి బాధ్యుడు కల్యాణ్‌సింగ్ కాదు, కేంద్రం. ఆ రాత్రి, ఆ మర్నాడంతా శిథిలాల మీద కరసేవకులు తీరిగ్గా గోడ లేపి, గుడ్డ కప్పి, విగ్రహాలు పెట్టి గుడి కట్టుకున్నారు. కేంద్ర బలగాలు లోపల అడుగుపెట్టింది 8వ తేదీ తెల్లవారుజామున. ఆ ముప్పై పైచిలుకు గంటల్లో అడ్డుపడిన రాజ్యాంగ అధికరణం ఏది? మస్జిద్ పడిన గంటల కంటే గుడి లేచిన గంటలే మా పెద్దల ఓటును విరిచాయని మేం అనుకుంటాం. కూలుతున్నప్పుడు చేతకాలేదేమో అని సర్దిచెప్పుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. కడుతుంటే చూస్తూ ఊరుకున్నాడన్న దానికి సర్దుబాటు దొరకలేదు. ఆ మధ్యాహ్నం ఆయన పూజలో కూర్చున్నాడనీ, పడిపోయాకే లేచాడనీ ఒక కథ మా గల్లీల్లో బాగా తిరిగింది. ఆయన మనుషులు, జీవితచరిత్ర రాసినవాళ్ళు అది అబద్ధమన్నారు. అబద్ధమే కావచ్చు. మాకు ఆ కథతో పని లేదు. కాగితం మీద ఉన్నదే చాలు.

మస్జిద్‌ను మళ్ళీ కట్టిస్తామని మర్నాడే ప్రధాని ప్రకటించాడు. కట్టిందేమిటో తెలిసిందే. ఆ నెలా, జనవరిలోనూ బొంబాయి తగలబడింది. అక్కడా కాంగ్రెస్ ముఖ్యమంత్రే. శ్రీకృష్ణ కమిషన్ లెక్క ప్రకారం 900 మంది పోయారు, అందులో 575 మంది ముస్లింలు. కోర్టుకు ఇచ్చిన మాట తప్పిన కల్యాణ్‌సింగ్‌కు 1994లో పడిన శిక్ష ఒక్క రోజు జైలు.

ఇక ఓటరు ఏం చేయాలి? ఇక్కడే మావాళ్ళ ఇరుకు మొదలైంది. మన పద్ధతిలో నాయకుడి మీద కోపం తీర్చుకోవడానికి వేరే పెట్టె ఉండదు. చేతి మీద గుద్దాలి, లేదా మానాలి. పీవీ మీద కోపం వస్తే దెబ్బ తినేది ఎప్పుడూ ఈద్‌కు ఇంటికొచ్చి సేమియా తిని పోయే మన కాంగ్రెస్ ఎమ్మెల్యే. 1994 డిసెంబరులో శాసనసభకు ఎన్నికలు వచ్చాయి. మస్జిద్ పడి సరిగ్గా రెండేళ్ళు. 1989లో 181 సీట్లు గెలిచిన కాంగ్రెస్ 294లో 26కు పడిపోయింది. ప్రతిపక్ష హోదాకు కావలసిన పదో వంతు కూడా రాలేదు. అదంతా మా కోపమేనని మేం గొప్పలు పోవడం లేదు. రెండు రూపాయల బియ్యం ఉంది, సారా మీద ఆడవాళ్ళ తిరుగుబాటు ఉంది. కానీ తరతరాలుగా మరో గుర్తు ముట్టని ముసలివాళ్ళు సైకిల్ మీద గుద్ది, ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చున్న ఇళ్ళు మాకు తెలుసు. పాతనగరంలో ఆ కోపం మజ్లిస్‌నూ వదల్లేదు. పీవీని గట్టిగా నిలదీయలేదన్న గొడవతో 1993లో చీలిపోయిన మజ్లిస్ బచావో తెహ్రీక్ రెండు సీట్లు గెలిస్తే, అసలు మజ్లిస్‌కు ఒక్కటి మిగిలింది.

మరి 1996లో? పీవీ మళ్ళీ నంద్యాల వచ్చాడు, ఒరిస్సా బరంపురంలో కూడా నిలబడ్డాడు. రెండు చోట్లా గెలిచాడు. నంద్యాలలో ఆధిక్యం మాత్రం అయిదు లక్షల ఎనభై వేల నుంచి లక్ష లోపుకు దిగింది. ఈసారి తెలుగుదేశం పోటీకి ఉంది కాబట్టి ఆ తేడా అంతా మాదనడం సరికాదు. ఆయన నంద్యాలను వదులుకుని బరంపురాన్ని ఉంచుకున్నాడు. దేశంలో కాంగ్రెస్ 140కి కుంగింది.

ఇక్కడ మాకూ మా పెద్దలకూ ఒక తగువుంది. అది ఇప్పటికీ తెగలేదు. పీవీ ఒక్కడే పాడు చేశాడు, ఇందిరమ్మ ఉంటే, రాజీవ్ బతికి ఉంటే ఇలా జరిగేది కాదని వాళ్ళంటారు. తాళం తీసింది ఎవరి హయాంలో, శిలాన్యాసం ఎవరి హయాంలో అని మేం అడుగుతాం. ఒక్క మనిషి నెత్తిన అంతా రుద్దితే పార్టీకి పండగే. అలాగే అయింది కూడా. 1998లో మస్జిద్‌ను కాపాడలేకపోయాడని పీవీకి టిక్కెట్టు ఇవ్వలేదు. 2004 డిసెంబరులో ఆయన చనిపోతే శవాన్ని పార్టీ ఆఫీసు గేటు లోపలికి కూడా రానివ్వలేదు. 2007లో ఉత్తరప్రదేశ్ ప్రచారంలో రాహుల్ గాంధీ, తమ కుటుంబం రాజకీయాల్లో ఉండి ఉంటే మస్జిద్ పడేది కాదన్నాడు. అంటే మా పెద్దల వాదన మూడేళ్ళు తిరక్కుండానే పార్టీ ప్రచారమైపోయింది. బతికున్నప్పుడు ఆయన మంత్రివర్గంలో ఉండి, డిసెంబరు 7న కూడా కుర్చీ వదలని మా మతం మంత్రులను మాత్రం ఎవరూ గేటు బయట నిలబెట్టలేదు.

అయినా పెద్దలను తప్పుపట్టడం తేలిక. వాళ్ళు లెక్క తెలియక అలా అనలేదు. వెళ్ళడానికి ఇంకో ఇల్లు ఉంటేనే ఉన్న ఇంటిని తిట్టగలం. సైకిల్ ఎక్కిన మావాళ్ళ ముచ్చట నాలుగేళ్ళయినా నిలవలేదు. 1998లో చంద్రబాబు వాజపేయి ప్రభుత్వానికి ఊపిరి పోశాడు, 1999లో పొత్తే పెట్టుకున్నాడు. 2002లో గుజరాత్ మండినా ఆ ప్రభుత్వానికి మద్దతు ఉపసంహరించలేదు. ఎక్కడికని పోతారు? 2004లో మళ్ళీ చెయ్యి. అందుకు కారణం వైఎస్ రాజశేఖరరెడ్డి మీద నమ్మకం కొంత, 2007 నాటికి నాలుగు శాతంగా స్థిరపడ్డ రిజర్వేషన్ హామీ కొంత, ఇంకో ఇల్లు లేకపోవడం చాలా. తిరిగొచ్చిన ఓటును చూసి, కోపం చల్లారిందని పార్టీవాళ్ళు అనుకున్నారు. ఆ పార్టీ ప్రభుత్వమే మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా కట్టి 2009లో తెరిచిన పదకొండు కిలోమీటర్ల పైవంతెనకు పీవీ పేరు పెట్టింది.

ఆర్థిక సంస్కరణలు తెచ్చిన మహానుభావుడిని ఒక్క మస్జిద్ కోసం ఇంకా తిడతారా అని మిత్రులు అడుగుతుంటారు. 2024లో ఆయనకు భారతరత్న ప్రకటించింది 1991 నంద్యాలలో ఆయన మీద పోటీ పెట్టిన పార్టీ ప్రభుత్వం. అంతకు కొద్ది రోజుల ముందే, జనవరి 22న, అయోధ్యలో గుడి తెరుచుకుంది. కూల్చినవాళ్ళలో ఒక్కరికీ శిక్ష పడలేదు. 2020 సెప్టెంబరులో 32 మందినీ కోర్టు వదిలేసింది. మా ఇళ్ళలో జోడెడ్ల నాటి ఓటర్లు ఇంకా ఒకరిద్దరు బతికే ఉన్నారు. ఆ వంతెన మీంచి బస్సు పోతుంటే, వాళ్ళు దాన్ని పీవీ పేరుతో పిలవరు. మెహదీపట్నం వంతెన అంటారు. ఎన్నికలొస్తే మాత్రం, చెయ్యి ఎక్కడుందో చూపించమని మనవళ్ళను అడుగుతారు.