ఇంటి గుట్టు ఎవరిది?

1907 జనవరి 26 రాత్రి డబ్లిన్‌లోని ఆబీ థియేటర్‌లో జె.ఎం. సింజ్ నాటకం ‘ది ప్లేబాయ్ ఆఫ్ ద వెస్టర్న్ వరల్డ్’ మొదటి ప్రదర్శన. తండ్రిని చంపొచ్చానని చెప్పుకునే కుర్రాణ్ణి పల్లెజనం వీరుడని నెత్తిన పెట్టుకుంటారు. అంతవరకూ ఎలాగో ఓర్చుకున్న ప్రేక్షకులు, మూడో అంకంలో ‘షిఫ్ట్’ అన్న మాట వినబడగానే గోల చేశారు. షిఫ్ట్ అంటే ఆడవాళ్ళ లోపలి గౌను. ఐరిష్ పల్లెని, ఐరిష్ స్త్రీని అవమానించారంటూ వారమంతా గొడవ. పోలీసుల్ని పిలిపించి నాటకం ఆడాల్సొచ్చింది.

మొదట చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఆ కోపం వెనకున్న చరిత్ర తెలిశాక నవ్వలేకపోయాను.

1845లో మొదలైన బంగాళాదుంప కరువులో సుమారు పది లక్షలమంది చనిపోయారు. అంతకంటే ఎక్కువమందే దేశం విడిచిపోయారు. కరువు సహాయాన్ని నడిపించిన బ్రిటిష్ ఖజానా అధికారి చార్లెస్ ట్రెవెల్యన్ దృష్టిలో అసలు జబ్బు ఐరిష్ వాళ్ళ స్వభావంలోనే ఉంది. (ఆయనే 1859లో మద్రాసు గవర్నరుగా మన జిల్లాల్నీ ఏలడానికొచ్చాడు.) సోమరులు, తాగుబోతులు, కొట్లాటగాళ్ళు అన్న ముద్ర ఆకలిచావులకు సంజాయిషీగా పనికొచ్చింది. 1881లో ‘పంచ్’ పత్రికలో జాన్ టెనియల్ వేసిన కార్టూన్‌లో ఐరిష్ తిరుగుబాటుదారు కోతిమొహంతో రాయి విసరబోతుంటాడు. ఐర్లండ్ అనే బేల పిల్ల బ్రిటానియాని ఆసరా చేసుకుని నిలబడి ఉంటుంది. వాళ్ళ మగవాడు మృగం, ఆడది అబల, కాబట్టి ఏలడానికి మేం కావాలి. ఈ తర్కం మనకీ పరిచయమే.

ఇలాంటి బొమ్మలతో విసిగిన జాతి తన బొమ్మని తనే గీసుకుంది. అందులో స్త్రీకి మచ్చ ఉండకూడదు. జాతి మీద పడ్డ నిందలన్నిటికీ జవాబు చెప్పే బాధ్యత ఆమె శీలం మీద పడింది. అందుకే ఒక లోపలి గౌను దేశానికే పరువునష్టమైంది. సింజ్ ఐరిష్ వాడే, అయినా శత్రువుకి సాక్ష్యం చెప్పినవాడయ్యాడు.

ఆడవాళ్ళు తమ కోసం ఏమడిగినా ఇదే గతి. 1908లో హన్నా షీహీ స్కెఫింగ్టన్, మార్గరెట్ కజిన్స్ కలిసి స్త్రీల ఓటు కోసం సంఘం పెడితే, ముందు స్వపరిపాలన రానివ్వండి అన్నారు జాతీయవాదులు. ఈ మార్గరెట్ కజిన్సే 1915లో మన దేశానికొచ్చి, 1919లో మదనపల్లెలో జనగణమనకి స్వరాలు రాసింది. మనం ఆమెని ఆ పాటతో గుర్తుపెట్టుకున్నాం. ఓటు కోసం జైలుకెళ్ళిన మార్గరెట్‌ని అంతగా గుర్తుపెట్టుకోలేదు.

స్వపరిపాలన వచ్చింది. 1937 రాజ్యాంగం, ఇంట్లో స్త్రీ గడిపే జీవితమే దేశానికి ఆధారమని రాసుకుంది. హన్నా వంటివాళ్ళు వ్యతిరేకించినా ఆగలేదు. పెళ్ళి కాకుండా తల్లయినవాళ్ళు ఆ బొమ్మలో ఇమడరు కదా, వాళ్ళని దాచడానికి గోడలు కావలసొచ్చాయి. ట్యూమ్ అనే ఊళ్ళో ఉన్న అలాంటి శరణాలయంలో 796 మంది పిల్లలు చనిపోయారని 2014లో లోకానికి తెలిసింది. మరణ పత్రాలు ఒక్కొక్కటే తెప్పించి ఆ లెక్క తేల్చింది కేథరిన్ కోర్లెస్ అనే గృహిణి. ఏ విశ్వవిద్యాలయంలోనూ ఆమె చరిత్రకారిణి కాదు.

2021 జనవరిలో విచారణ సంఘం నివేదిక వచ్చింది. 18 సంస్థల్లో సుమారు 9,000 మంది పిల్లల మరణాలు. ఇది పరాయి పాలకులు మన మీద రుద్దింది కాదు, ఒక సమాజంగా మనకి మనమే చేసుకున్నామన్నాడు ప్రధాని. ఇంతకాలానికి ఒక దేశం తన తప్పు తాను ఒప్పుకుందని నేను కదిలిపోయాను. కానీ ఆ గోడల మధ్య బతికి బయటపడ్డవాళ్ళలో చాలామంది ఒప్పుకోలేదు. ‘మనం’ అంటే ఎవరు? బిడ్డని పోగొట్టుకున్న తల్లీ, తలుపు వేసిన మఠమూ, డబ్బిచ్చిన ప్రభుత్వమూ ఒకే ‘మనం’లోకి ఎలా వస్తారు? అందరూ దోషులైతే ఎవరూ దోషులు కారు. ఆత్మవిమర్శ కూడా ఒక్కోసారి తప్పించుకునే దారే.

నా తప్పూ ఒకటి చెప్పుకోవాలి. 2012లో గర్భస్రావం నిరాకరించడంతో సవితా హలప్పనవర్ ఐర్లండ్‌లో చనిపోయినప్పుడు, ‘మతం నెత్తికెక్కిన జనం’ అని నేనూ అన్నాను. ట్రెవెల్యన్ లాగే జాతి స్వభావాన్ని ఒక్క మాటలో తేల్చేశాను. 1983లో ఆ నిషేధాన్ని రాజ్యాంగంలోకి ఎక్కించిన రోజు నుంచీ పోరాడుతున్న ఐరిష్ స్త్రీలు నా మాటలో లేకుండా పోయారు. 2018లో ఓటు వేయించి దాన్ని తీయించింది వాళ్ళే.

పరాయివాడు వేసే ముద్రలో గానీ, మనవాళ్ళు గీసుకునే పటంలో గానీ, తీరిగ్గా అందరూ పంచుకునే పశ్చాత్తాపంలో గానీ మాయమయ్యేది ఆమే. అందుకే విమర్శ ఎవరి పక్షాన నిలబడి చేస్తున్నామో ముందు చూసుకోవాలనిపిస్తుంది.

రాసే ఆడవాళ్ళకి మన దగ్గర తరచూ వినబడే సామెత, ‘ఇంటి గుట్టు లంకకు చేటు’. సామెతకి గుర్తున్నదల్లా లంకకి జరిగిన చేటే. ఆ గుట్టు వెనక అశోకవనంలో ఒక స్త్రీ బందీగా ఉందన్నది దానికి గుర్తులేదు.