బొర్రా కొండల నుంచి సుప్రీంకోర్టు దాకా: సమత తీర్పు, బాక్సైట్ వ్యతిరేక ఉద్యమం

గత భాగంలో మన్యం ప్రాంతపు తిరుగుబాట్లను గురించి చదివారు. 1922-24 నాటి అల్లూరి సీతారామరాజు పోరాటం, 1960ల చివరి శ్రీకాకుళం గిరిజన పోరాటం రెండూ భూమి, అడవి మీద హక్కు ఎవరిదన్న ప్రశ్న చుట్టూ తిరిగినవే. ఈ భాగంలో మనం చూడబోయేది అదే ప్రశ్నకు మరో రూపం. ఇక్కడ ఆయుధం విల్లు కాదు, రిట్ పిటిషన్. ప్రత్యర్థి షావుకారు కాదు, గని లీజు పొందిన కంపెనీ. ఆ లీజు ఇచ్చినది ప్రభుత్వమే.

నేపథ్యం: 1/70 చట్టం

రాజ్యాంగం ఐదవ షెడ్యూలు ప్రకారం షెడ్యూల్డు ప్రాంతాలలో భూ బదలాయింపును నిషేధించడానికి గానీ పరిమితం చేయడానికి గానీ నిబంధనలు రూపొందించే అధికారం గవర్నరుకు ఉంది. దీనికి ముందే 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ భూముల బదలాయింపుపై ఒక చట్టం చేసింది. స్వాతంత్ర్యం తరువాత ఆంధ్రప్రదేశ్‌లో 1959 నాటి మొదటి నిబంధన వచ్చింది. అయితే భూములు చేతులు మారడం ఆగలేదు. 1970లో దానిని సవరించారు. ప్రజలు ఇప్పటికీ "1/70 చట్టం" అని పిలిచేది ఈ సవరణనే. శ్రీకాకుళం పోరాటం ఉధృతంగా ఉన్న కాలంలోనే ఇది వచ్చిందన్న సంగతి గమనించండి.

ఈ సవరణలోని ముఖ్యాంశం ఒక్క పదంలో ఉంది. షెడ్యూల్డు ప్రాంతంలో "వ్యక్తి" ఎవరైనా, అతడు గిరిజనుడైనా కాకపోయినా, తన స్థిరాస్తిని గిరిజనులకు లేదా గిరిజనుల సహకార సంఘానికి తప్ప మరెవరికీ బదిలీ చేయరాదు. చేస్తే ఆ బదిలీ చెల్లదు. గిరిజనేతరుని చేతిలో ఉన్న భూమి గిరిజనుని నుంచే వచ్చిందని, అలా కాదని అతడు రుజువు చేసేవరకు, చట్టం భావిస్తుంది. 1988లో సుప్రీంకోర్టు ఈ సవరణ రాజ్యాంగబద్ధమేనని చెప్పింది. కానీ ఎవరూ సూటిగా తేల్చని ప్రశ్న ఒకటి మిగిలిపోయింది. ప్రభుత్వం కూడా ఈ "వ్యక్తి" కిందికి వస్తుందా?

అనంతగిరిలో ఏం జరిగింది

విశాఖపట్నం జిల్లా అనంతగిరి మండలం (నేటి అల్లూరి సీతారామరాజు జిల్లా) పేరు వినగానే చాలామందికి బొర్రా గుహలు గుర్తుకొస్తాయి. ఆ గుహలను మలచిన సున్నపురాతి పొరల మధ్యనే కాల్సైట్ వంటి ఖనిజాలు కూడా ఉన్నాయి. గోస్తనీ నది పుట్టేది ఇక్కడే. దిగువన తాటిపూడి జలాశయం ద్వారా విశాఖ నగరానికి నీరందించేదీ ఈ నదే. బొర్రా రిజర్వు అడవిలోనూ చుట్టుపక్కల గ్రామాలలోనూ రాష్ట్ర ప్రభుత్వం అనేకమంది గిరిజనేతరులకు, కంపెనీలకు గని లీజులు మంజూరు చేసింది. వాటిలో బిర్లా పెరిక్లేస్ ఒకటి.

కాగితాల మీద ఇది ప్రభుత్వ భూమి. తరతరాలుగా దానిని దున్నుకుంటున్న కొండదొర, వాల్మీకి తదితర కుటుంబాలకు చాలాచోట్ల పట్టాలు లేవు. సర్వే జరగని ఊళ్లలో సాగుదారు పేరు రికార్డులోకి ఎక్కదు. రికార్డులో లేనివాడికి లీజు గురించి ముందుగా చెప్పాల్సిన అవసరం అధికారులకు కనిపించదు. అవినీతి అంటే చేతులు మారే డబ్బు మాత్రమే అనుకుంటాం. ఏజెన్సీలో దాని తొలి రూపం తరచుగా ఈ ఖాళీ గడియే. చట్టాన్ని తప్పించుకోవడానికి గిరిజనుని పేరు ముందు పెట్టి వెనుక వేరొకరు వ్యాపారం చేసే బినామీ పద్ధతి కూడా ఏజెన్సీకి కొత్త కాదు.

గ్రామస్థులతో కలిసి పనిచేస్తున్న "సమత" అనే స్వచ్ఛంద సంస్థ ఈ లీజులను హైకోర్టులో సవాలు చేసింది. 1995లో హైకోర్టు పిటిషన్‌ను కొట్టివేసింది. సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లింది.

1997 జూలై 11 తీర్పు

ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇద్దరు ఒకవైపు, ఒకరు మరోవైపుగా తీర్పు ఇచ్చింది. జస్టిస్ కె. రామస్వామి, జస్టిస్ ఎస్. సగీర్ అహ్మద్ "వ్యక్తి" అనే పదంలో ప్రభుత్వం కూడా ఉంటుందన్నారు. కాబట్టి షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గని లీజుకు ఇవ్వరాదు. ఇచ్చిన లీజులు చెల్లవు. జస్టిస్ జి.బి. పట్నాయక్ దీనితో ఏకీభవించలేదు. చట్టంలోని ఆ నిషేధం ప్రభుత్వానికి వర్తించదన్నది ఆయన అభిప్రాయం. గనుల తవ్వకం జరిగే చోట నికర లాభంలో కనీసం 20 శాతాన్ని స్థానికుల నీరు, విద్య, వైద్యం, రవాణా వంటి అవసరాలకు శాశ్వత నిధిగా కేటాయించాలని కూడా తీర్పు చెప్పింది.

విద్యార్థులు ఈ తీర్పును తరచుగా "గనుల నిషేధం"గా రాస్తారు. అది సరికాదు. ప్రభుత్వ రంగ సంస్థ గానీ గిరిజనుల సహకార సంఘం గానీ తవ్వుకోవచ్చని తీర్పే అనుమతించింది. తరువాతి రెండు దశాబ్దాల తగాదా అంతా ఈ సందు గుండానే వచ్చింది.

తీర్పును మార్చాలన్న ప్రయత్నాలూ వెంటనే మొదలయ్యాయి. పునఃపరిశీలన కోసం ప్రభుత్వాలు వేసిన దరఖాస్తులను 2000లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. అదే ఏడాది ఐదవ షెడ్యూలునే సవరించాలన్న ప్రతిపాదనతో కేంద్ర గనుల మంత్రిత్వ శాఖ తయారుచేసిన నోట్ బయటపడింది. ఆదివాసీ సంఘాల నుంచి తీవ్ర వ్యతిరేకత వచ్చింది. సవరణ జరగలేదు. 2001లో బాల్కో కేసు విన్న మరో ధర్మాసనం మాత్రం సమత తీర్పు సరైనదేనా అన్న సందేహాన్ని బాహాటంగానే వ్యక్తం చేసింది.

బాక్సైట్ కొండలు

2005లో రాష్ట్ర ప్రభుత్వం జిందాల్ సంస్థతో, 2007లో రస్ అల్ ఖైమా ప్రభుత్వంతో ఒప్పందాలు చేసుకుంది. అరకు, చింతపల్లి కొండల్లో బాక్సైట్‌ను ప్రభుత్వ సంస్థ అయిన ఖనిజాభివృద్ధి సంస్థ తవ్వుతుంది. ప్రైవేటు శుద్ధి కర్మాగారాలకు అమ్ముతుంది. తీర్పు అక్షరాన్ని పాటించినట్టే ఉంది. అయితే కొండ ఎవరి లాభం కోసం తవ్వబడుతుందన్న ప్రశ్న ఎక్కడికీ పోలేదు.

గాలికొండ, రక్తకొండ, జెర్రెల వంటి కొండల పైభాగంలో బాక్సైట్ దళసరి పొరగా ఉంటుంది. ఆ పొర వాననీటిని పీల్చుకుని ఏడాది పొడవునా ఊటలుగా వదులుతుంది. కింది వాలుల్లో కాఫీ, మిరియం, పసుపు పండించే రైతుకు ఆ ఊటే నీటి ఆధారం. అందువల్ల గ్రామసభల్లో ఎక్కువగా వినిపించిన మాట పునరావాస పరిహారం గురించి కాదు, గెడ్డ ఎండిపోవడం గురించి.

2015 నవంబరు 5న చింతపల్లి ప్రాంతంలో 1,212 హెక్టార్ల అటవీ భూమిని ఖనిజాభివృద్ధి సంస్థకు అప్పగిస్తూ జీవో 97 వెలువడింది. ఏజెన్సీ అంతటా బంద్‌లు, పాదయాత్రలు, రాస్తారోకోలు జరిగాయి. గ్రామసభల అనుమతి లేదని, గిరిజన సలహా మండలిని పక్కన పెట్టారని ఉద్యమకారులు వాదించారు. ప్రభుత్వం జీవోను నిలిపివేసింది. 2019లో కొత్త ప్రభుత్వం దానిని రద్దు చేసింది. 2005లో ఒప్పందం చేసుకున్న ముఖ్యమంత్రి కుమారుడే 2019లో రద్దు చేసిన ముఖ్యమంత్రి. 2015లో జీవో ఇచ్చిన పార్టీ అంతకుముందు ప్రతిపక్షంలో ఉండి ఇవే ఒప్పందాల రద్దు కోరింది. పార్టీల వైఖరి కుర్చీతో పాటు మారింది. కొండ మీది ఊళ్ల వైఖరి మాత్రం మారలేదు.

ఈ చరిత్రను రాసేటప్పుడు ఒక ఇబ్బంది ఎదురవుతుంది. తీర్పు ప్రతి, జీవోలు, ఒప్పంద పత్రాలు మనకు దొరుకుతాయి. అడవిలో రాత్రివేళ జరిగిన సమావేశాల్లో ఎవరు ఏమన్నారో ఏ దస్తావేజులోనూ ఉండదు. మీరు పాడేరు, అరకు, చింతపల్లి ప్రాంతాల వారైతే ఆ సమావేశాలకు వెళ్లిన పెద్దలు మీ ఊళ్లో ఇంకా ఉండవచ్చు. ఈ భాగానికి సంబంధించిన అసైన్‌మెంట్‌ను వారితో మాట్లాడి రాయండి. వారు చెప్పినది జీవోలతో ఎక్కడ సరిపోలలేదో కూడా రాయండి.