భారతదేశ పట్టణాలలో నీరు, పారిశుధ్యం, గృహవసతులకు నిధుల సమీకరణ

భారతదేశ పట్టణాలలో త్రాగునీరు, మురుగునీటి పారుదల, పేదలకు ఇళ్ళు సమకూర్చడానికి కావలసిన ధనాన్ని కూడగట్టే పద్ధతులను ఈ వ్యాసం వివరిస్తుంది. ఈ ధనం ప్రధానంగా నాలుగు మార్గాలలో వస్తుంది. అవి పురపాలక సంఘం వసూలు చేసుకొనే పన్నులు, వాడకందారులు చెల్లించే రుసుములు, కేంద్ర రాష్ట్ర ప్రభుత్వాలు ఇచ్చే గ్రాంట్లు, బ్యాంకులు లేదా మదుపుదారులు ఇచ్చే అప్పులు. అప్పును చివరకు మొదటి మూడింటిలో ఏదో ఒకదానితోనే తీర్చవలసి ఉంటుంది గనుక నిజానికి మార్గాలు మూడే అని చెప్పవచ్చును.

నేపథ్యం

2001 జనాభా లెక్కల నాటికి దేశంలో పట్టణ జనాభా సుమారు 28.6 కోట్లు. 2011 నాటికి అది 37.7 కోట్లకు, అనగా మొత్తం జనాభాలో 31 శాతానికి చేరింది. అదే 2011 లెక్కల ప్రకారం పట్టణ కుటుంబాలలో దాదాపు 71 శాతానికి కుళాయి నీరు అందుతుండగా, భూగర్భ మురుగుకాలువతో అనుసంధానం ఉన్న కుటుంబాలు మూడింట ఒక వంతు కంటే తక్కువ. మిగిలినవారిలో ఎక్కువమంది సెప్టిక్ ట్యాంకులపై ఆధారపడినవారే. మురికివాడలలో నివసించేవారు సుమారు 6.5 కోట్లు. వారి సంఖ్యలో మహారాష్ట్ర తరువాత స్థానం అప్పటి ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌ది.

ఐక్యరాజ్య సమితి 2000లో చేపట్టిన సహస్రాబ్ది అభివృద్ధి లక్ష్యాలలోను, 2015లో ఆమోదించిన సుస్థిర అభివృద్ధి లక్ష్యాలలోను నీరు, పారిశుధ్యం, నివాసం చోటు చేసుకున్నాయి. సుస్థిర లక్ష్యాలలో ఆరవది నీరు, పారిశుధ్యాలకు, పదకొండవది నగరాలకు సంబంధించినవి. లక్ష్యాలు అంతర్జాతీయమైనవే గాని, వాటికయ్యే ఖర్చు పద్దు చివరకు ఏదో ఒక ఊరి పురపాలక కార్యాలయంలోనే తేలవలసి ఉంటుంది.

ఇషర్ జడ్జ్ అహ్లూవాలియా అధ్యక్షతన ఏర్పడిన ఉన్నతాధికార నిపుణుల సంఘం 2011లో ఇచ్చిన నివేదికలో, 2012 నుండి 2031 వరకు ఇరవై సంవత్సరాలలో పట్టణ వసతులకు 2009-10 ధరలలో సుమారు 39.2 లక్షల కోట్ల రూపాయల పెట్టుబడి అవసరమని అంచనా వేసింది. ఇందులో రోడ్లదే పెద్ద వాటా. నీరు, మురుగు, చెత్త, వాననీటి కాలువలకు కలిపి సుమారు 8 లక్షల కోట్లు, మురికివాడలకు సుమారు 4 లక్షల కోట్లు.

పురపాలక సంఘాల ఆర్థిక స్థితి

1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమలులోకి వచ్చింది. దీని ద్వారా చేర్చిన పన్నెండవ షెడ్యూలులో నీటి సరఫరా, పారిశుధ్యం, మురికివాడల అభివృద్ధితో సహా 18 అంశాలు పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగినవిగా పేర్కొన్నారు. బాధ్యతల జాబితా ఉంది గాని, వాటికి సరిపడే పన్నుల జాబితా మాత్రం అందులో లేదు. ఏ పన్ను ఇవ్వాలన్నది రాష్ట్ర శాసనసభల ఇష్టానికి వదలివేశారు. భారతీయ రిజర్వు బ్యాంకు 2022లో ప్రచురించిన నివేదిక ప్రకారం పురపాలక సంస్థల మొత్తం ఆదాయం దశాబ్దానికి పైగా స్థూల దేశీయోత్పత్తిలో ఒక శాతం దగ్గరే నిలచిపోయింది. బ్రెజిల్, దక్షిణాఫ్రికా దేశాలలో ఇది అనేక రెట్లు ఎక్కువ.

ఒకప్పుడు నగర సరిహద్దులో సరుకులపై వసూలు చేసే ఆక్ట్రాయ్ పెద్ద నగరాలకు ప్రధాన ఆదాయం. అది ఒక్కొక్క రాష్ట్రంలో రద్దవుతూ వచ్చి, 2017లో వస్తు సేవల పన్ను రాకతో ముంబైలో కూడా ముగిసింది. మిగిలింది ముఖ్యంగా ఆస్తిపన్ను. కొత్త ఇళ్ళు లెక్కకు ఎక్కకపోవడం, విలువలను ఏళ్ళ తరబడి సవరించకపోవడం, బకాయిలు పేరుకుపోవడం ఈ పన్నుకు ఉన్న పాత జబ్బులు. ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం 2020లో చట్టాన్ని సవరించి, అద్దె విలువకు బదులు ఆస్తి మూలధన విలువపై పన్ను విధించే పద్ధతిని 2021 నుండి ప్రవేశపెట్టింది.

ఆలందూరు అనుభవం

ఈ రంగంలో తరచుగా ఉదహరించబడే పట్టణం తమిళనాడులోని ఆలందూరు. చెన్నైకి ఆనుకొని ఉన్న ఈ పురపాలక సంఘం జనాభా 2001లో సుమారు 1.46 లక్షలు. ఇక్కడ భూగర్భ మురుగు వ్యవస్థ ఉండేది కాదు. ఇళ్ళలోని సెప్టిక్ ట్యాంకులు నిండినప్పుడల్లా లారీని పిలిపించి డబ్బిచ్చి ఖాళీ చేయించుకోవలసి వచ్చేది.

1996లో పురపాలక సంఘ అధ్యక్షుడైన ఆర్.ఎస్. భారతి సుమారు 34 కోట్ల రూపాయల వ్యయంతో మురుగునీటి పథకాన్ని ప్రతిపాదించారు. ఖర్చులో కొంత భాగాన్ని ప్రజలే ముందుగా భరించాలన్నది ఇందులోని విశేషం. ఇంటి కనెక్షనుకు 5,000 రూపాయలు, వాణిజ్య, పారిశ్రామిక కనెక్షనుకు 10,000 రూపాయల చొప్పున డిపాజిట్టు నిర్ణయించారు. గొట్టాలు వేయకముందే, కళ్ళకు ఏమీ కనబడకముందే ఈ సొమ్ము కట్టవలసి ఉంది. నివాస సంఘాలతో వరుస సమావేశాలు జరిపి, వచ్చిన ధనాన్ని ప్రత్యేక ఖాతాలో ఉంచారు. ఆనాటి ఐదు వేల రూపాయలు మధ్యతరగతి కుటుంబానికి చిన్న మొత్తమేమీ కాదు. అయినప్పటికీ వేలాది కుటుంబాలు చెల్లించాయి. లారీలకు మళ్ళీ మళ్ళీ పెట్టే ఖర్చుతో పోల్చి చూసుకోవడం ఇందుకు ఒక కారణం కావచ్చు.

మిగిలిన సొమ్ము తమిళనాడు ప్రభుత్వ పట్టణ ఆర్థిక సంస్థల నుండి ఋణంగాను, గ్రాంటుగాను లభించింది. కాలువల నిర్మాణం మామూలు కాంట్రాక్టు పద్ధతిలోను, శుద్ధి కేంద్రం 'నిర్మించి, నిర్వహించి, అప్పగించు' పద్ధతిలోను జరిగాయి. నిర్మాణంలో హైదరాబాదుకు చెందిన ఐవీఆర్‌సీఎల్ సంస్థ పాలుపంచుకొంది. ఇంటికి నెలకు 150 రూపాయల రుసుము నిర్వహణకు, ఋణ చెల్లింపునకు ఉద్దేశించబడింది. 2011లో ఆలందూరు చెన్నై నగరపాలక సంస్థలో విలీనమయ్యింది.

ఋణపత్రాలు

1998 జనవరిలో అహ్మదాబాదు నగరపాలక సంస్థ రాష్ట్ర ప్రభుత్వ హామీ లేకుండా 100 కోట్ల రూపాయల ఋణపత్రాలు జారీ చేసింది. దేశంలో ఇట్టివాటిలో ఇదే మొదటిది. ఏడేళ్ళ గడువు, 14 శాతం వడ్డీ. కొన్ని ఆక్ట్రాయ్ కేంద్రాల వసూళ్ళను తిరిగి చెల్లింపునకు విడిగా ఉంచారు. 1990ల మొదటి భాగంలో నష్టాలలో ఉన్న ఈ సంస్థ పన్నుల వసూళ్ళను సరిదిద్దుకొని మిగులు చూపించిన తరువాతనే మదుపుదారుల వద్దకు వెళ్ళింది. ఋణపత్రాల గురించి వ్రాసేటప్పుడు ఈ క్రమాన్ని చాలామంది మరచిపోతుంటారు. ఆపై హైదరాబాదు, విశాఖపట్నం కూడా ఈ మార్గాన్ని అనుసరించాయి. 2018లో బృహత్ హైదరాబాదు నగరపాలక సంస్థ 8.9 శాతం వడ్డీకి సేకరించిన 200 కోట్లు మాత్రం రోడ్ల పథకానికి ఉద్దేశించినవి.

చిన్న పట్టణాలు ఒంటరిగా ఋణ విపణికి వెళ్ళలేవు. ఇందుకు తమిళనాడు కనుగొన్న ఉపాయం సమష్టి ఋణం. పదికి పైగా చిన్న స్థానిక సంస్థల నీటి, పారిశుధ్య పథకాలను కలిపి, ఒక ప్రత్యేక నిధి ద్వారా సుమారు 30 కోట్ల రూపాయలను పదిహేనేళ్ళ గడువుపై సేకరించారు. అసలులో సగానికి అమెరికా అంతర్జాతీయ అభివృద్ధి సంస్థ హామీ ఇచ్చింది. కర్ణాటక 2005లో బెంగుళూరు చుట్టుప్రక్కల ఎనిమిది పట్టణాల నీటి పథకానికి ఇదే విధంగా 100 కోట్లు సేకరించింది.

కేంద్ర పథకాలు

2005 డిసెంబరు 3న ప్రారంభమైన జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ పట్టణ పునరుద్ధరణ పథకం అప్పటివరకు ఈ రంగంలో వచ్చిన వాటిలో పెద్దది. మొదట ఎంపికైన 63 నగరాలలో హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం ఉన్నాయి. తరువాత తిరుపతి, పోర్‌బందర్ చేరాయి. వసతుల పథకాలలో నలభై లక్షలు దాటిన నగరాలకు కేంద్రం 35 శాతం, రాష్ట్రం 15 శాతం ఇచ్చేవి. మిగిలిన సగం నగరమే సమకూర్చుకోవాలి. పది నుండి నలభై లక్షల నగరాలలో ఈ వాటాలు వరుసగా 50, 20, 30. ధనంతోపాటు ఆస్తిపన్ను సవరణ, నిర్వహణ ఖర్చుకు సరిపడే నీటి రుసుములు వంటి సంస్కరణలు షరతులుగా ఉండేవి.

కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదిక ప్రకారం 2011 మార్చి నాటికి మంజూరైన 2,815 పథకాలలో పూర్తి అయినవి 253. వీటిలో గృహనిర్మాణానికి చెందినవి 22 మాత్రమే. స్థల సేకరణలో ఆలస్యం, నగరాలు తమ వాటా సమకూర్చలేకపోవడం ప్రధాన అవరోధాలు. పూర్తయిన ఇళ్ళలోను పనిచేసే చోటికి దూరంగా ఉన్నవి అనేకం ఖాళీగా మిగిలిపోయాయి. కూలి పనికి రానుపోను బస్సు ఛార్జీకే దినసరి ఆదాయంలో గణనీయ భాగం పోయినచోట ఉచిత గృహం కూడా ఖరీదైనదే.

2015 జూన్ 25న ఈ పథకం స్థానంలో 500 నగరాలకు అమృత్, పేదల ఇళ్ళకు ప్రధానమంత్రి ఆవాస్ యోజన మొదలయ్యాయి. 2021లో అమృత్ రెండవ దశ ప్రారంభమయ్యింది. 15వ ఆర్థిక సంఘం పట్టణ గ్రాంట్లలో పెద్ద భాగాన్ని నీరు, పారిశుధ్యాలకు ముడిపెట్టి, ఆస్తిపన్నుకు కనీస రేట్లు ప్రకటించడాన్ని అర్హతగా నిర్ణయించింది.

గృహవసతి, స్థల హక్కు

ఇంటి విషయంలో ధనంకంటె ముందు వచ్చే ప్రశ్న స్థలం. అహ్మదాబాదులో 1990లలో ఆరంభమైన 'పరివర్తన్' కార్యక్రమంలో ప్రతి మురికివాడ కుటుంబం 2,000 రూపాయలు చెల్లిస్తే ఇంటింటికి కుళాయి, మరుగుదొడ్డి, మురుగు కాలువ సమకూర్చారు. స్వయం ఉపాధి మహిళల సంఘానికి చెందిన సేవా బ్యాంకు ఈ సొమ్మును ఋణంగా ఇచ్చింది. పదేళ్ళపాటు ఖాళీ చేయించబోమని నగరపాలక సంస్థ మాట ఇచ్చింది. పట్టా కాదు, కేవలం ఆ మాటే. కాని ఆ భరోసాపై అనేకమంది తమ సొంత డబ్బుతో గోడలు, కప్పులు బాగుచేసుకొన్నారు.

ఆంధ్ర ప్రదేశ్‌లో బ్రిటన్ ప్రభుత్వ సహాయంతో 1980లలో హైదరాబాదు, విశాఖపట్నం మురికివాడలలో, అటుపై విజయవాడలో అభివృద్ధి పనులు జరిగాయి. 2000లో మొదలైన పట్టణ పేదల సేవా పథకం 42 పట్టణాలకు విస్తరించింది. రాష్ట్ర విభజన అనంతరం ఆంధ్ర ప్రదేశ్ టిడ్కో సంస్థ ద్వారా 300, 365, 430 చదరపు అడుగుల ఇళ్ళను చేపట్టింది. మొదటి రూపకల్పనలో ప్రభుత్వ రాయితీతోపాటు లబ్ధిదారుని వాటా, బ్యాంకు ఋణం కూడా ఉండేవి. తెలంగాణ 560 చదరపు అడుగుల రెండు పడకగదుల ఇళ్ళను పూర్తి ఉచితంగా ఇవ్వ సంకల్పించింది. మొదటి పద్ధతిలో పేదవాని నెత్తిన వాయిదా, రెండవదానిలో ఖజానాపై భారం. ఇళ్ళ సంఖ్య, అవి పూర్తి అయ్యే వేగం ఈ ఎంపికపై ఎంతో ఆధారపడి ఉంటాయి.

నీటి రుసుములు

హైదరాబాదు మహానగర నీటి సరఫరా, మురుగునీటి పారుదల మండలి 1989లో ఏర్పడింది. 2004 నుండి నాగార్జునసాగర్ వైపు నుండి వంద కిలోమీటర్లకు పైగా కృష్ణా జలాన్ని ఎత్తిపోస్తున్నందున విద్యుత్తు దీని ఖర్చులలో పెద్ద పద్దు. 2021 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం నగరంలో కుటుంబానికి నెలకు 20,000 లీటర్ల ఉచిత నీటి పథకాన్ని ప్రారంభించింది. ఇట్టి పథకాలలో మండలి కోల్పోయే ఆదాయాన్ని ప్రభుత్వం సకాలంలో పూడ్చాలి. లేనిచో మరమ్మతులు వెనుకబడతాయి. కుళాయి లేక ట్యాంకరుపై ఆధారపడే కుటుంబానికి, అనగా అందరికంటె పేదవారికి, ఉచిత నీటి ప్రయోజనం చేరదన్న విమర్శ కూడా కలదు.

మురుగు విషయంలో కాలువలు వేయడం అత్యంత ఖరీదైన పని. అందువలన వరంగల్లు నగరపాలక సంస్థ 2016లో సెప్టిక్ ట్యాంకుల వ్యర్థాల సేకరణకు నిబంధనలు జారీ చేసి, దేశంలో ఈ పని చేసిన తొలి నగరాలలో ఒకటిగా నిలచింది. లారీలకు అనుమతి పత్రాలు, వ్యర్థాలకు ప్రత్యేక శుద్ధి కేంద్రం ఈ ఏర్పాటులో భాగాలు. ఆలందూరు ప్రజలు వదిలించుకోవాలనుకొన్న లారీలనే ఇక్కడ క్రమబద్ధం చేశారు. భూగర్భ కాలువల కోసం దశాబ్దాలు వేచి ఉండవలసిన పట్టణాలకు తక్కువ ఖర్చులో అందుబాటులో ఉన్న మార్గం ఇదే.