జావాస్క్రిప్టున నిషిద్ధనామములు

ఛందస్సున గురువనగా రెండు మాత్రల యక్షరము. బడిలో గురువనగా ఉపాధ్యాయుడు. స్థానమును బట్టి అర్థము తెలియును గనుక, ఛందస్సు పేరు చెప్పి బడిలో ఆ పదమును వాడరాదని ఏ లాక్షణికుడును శాసింపలేదు. కంప్యూటరు భాషయగు జావాస్క్రిప్టు మాత్రము చాలకాలము అట్లే శాసించినది.

ఈ భాషను 1995లో నెట్‌స్కేప్ సంస్థయందు బ్రెండన్ ఐక్ నిర్మించెను. వాక్యరచనకై ఇఫ్, ఫర్, డిలీట్ వంటి ఆంగ్లపదములను భాష తనకొరకు ప్రత్యేకించుకొనుట సహజమే. కాని 1999 డిసెంబరు నాటి మూడవ ప్రమాణము తాను వాడని క్లాస్, ఎక్స్‌పోర్ట్ అను పదములను, జావా భాషలోని షార్ట్, లాంగ్, ఫ్లోట్ మొదలగువానిని గూడ భవిష్యత్తుకై నిలిపి యుంచెను. గడ్డివామికడ కుక్క సామెత ఇక్కడ జ్ఞప్తికి వచ్చును.

చిక్కెక్కడ? ఈ భాషలో వస్తువు పేరు, పిదప చుక్క, పిదప దాని గుణము పేరు వ్రాయుదురు. శ్రీనివాసపురపు మామిడి మండీ లెక్కకు రకము, బరువు, ఎగుమతి అను గుణములు కావలెననుకొందము. ఎగుమతికి ఆంగ్లమున ఎక్స్‌పోర్ట్ అని చుక్క తరువాత వ్రాసినచో, ప్రోగ్రాము మొత్తము దోషమని త్రోసివేయబడెడిది. పేరును ఉద్ధరణచిహ్నములలో నుంచి చదరపు కుండలీకరణములలో వ్రాయుట యొక యుపాయము. పేరునే మార్చుట మరియొకటి. వెబ్ పుటలలోని క్లాస్ అను గుణము ‘క్లాస్‌నేమ్’ అయినదియు, ఫర్ ‘హెచ్‌టిఎమ్‌ఎల్‌ఫర్’ అయినదియు, ఫ్లోట్ ‘సిఎస్ఎస్‌ఫ్లోట్’ అయినదియు ఇందువలననే.

2009 డిసెంబరున వెలువడిన ఐదవ ప్రమాణము, చుక్క తరువాత వచ్చునది గుణనామమే కాని వేరుకాదని యంగీకరించెను. జావానుండి తెచ్చుకొన్న పదములలో పెక్కింటిని విడిచిపెట్టెను. అయినను ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 8 వంటి పాత బ్రౌజర్లు వాడుకలో నున్నంతకాలము రచయితలు పాత జాగ్రత్తనే పాటింపవలసి వచ్చెను. 2015 ప్రమాణమున క్లాస్ నిజముగనే వాక్యరచనలోనికి వచ్చినది. కావున ఆ నిలుపుదల పూర్తిగా వృథాయనరాదు.

తెలుగువారికి మాత్రము ఈ నిషేధము తగులలేదు. నిషిద్ధములన్నియు ఆంగ్లపదములే, 1999 ప్రమాణమే తెలుగక్షరముల పేళ్లను అనుమతించెను. తరగతి, ఎగుమతి అను పేళ్లు ఆనాడే చెల్లెడివి. మనకు చిక్కు మరియొకచోట గలదు. పొల్లు తరువాతి యక్షరముతో కలియకుండుటకు కంటికి కానరాని విభజకమొకటి టైపు చేయుదుము. మూడవ ప్రమాణము దానిని తీసివేసి చదివెడిది. ఐదవది పేరులో భాగముగా గైకొనెను. కావున చివర విభజకమున్న ‘బస్’, లేని ‘బస్’ కంటికి ఒక్కటే, యంత్రమునకు రెండు. అందుచేత ప్రోగ్రాములు నేర్చు తెలుగు పిల్లలకు నేను అజంతమైన ‘బస్సు’నే సూచింతును.