పెళ్లి రిజిస్టర్ ఎవరి చేతిలో ఉంది? పోర్ట్ బ్లెయిర్ ఖైదీల నుంచి సుప్రియో తీర్పు దాకా

ఈసారి టాపిక్ జీఎస్-1లో భారతీయ సమాజానికీ, జీఎస్-2లో రాజ్యాంగానికీ పనికొస్తుంది: స్వలింగ జంటల కుటుంబ జీవితం, సమాన హక్కులు. చాలామంది ఆన్సర్‌ను 2018తో మొదలుపెడతారు. నవ్‌తేజ్ జోహార్ కేసు, తర్వాత సుప్రియో కేసు, అంతటితో అయిపోతుంది. తప్పేం లేదు, కానీ అందరి పేపరూ ఒకేలా ఉంటుంది. నేను లంబాలైన్‌లో ఉంటాను కాబట్టి ఇక్కడి నుంచే మొదలుపెడతాను. పెళ్లి విషయంలో ప్రభుత్వం ఎంత దూరం వెళ్లగలదో చూపించడానికి ఈ ఊరి చరిత్ర బాగా పనికొస్తుంది.

1857 తిరుగుబాటు తర్వాత, 1858 మార్చిలో పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల స్థావరం పెట్టారు. (1906లో పూర్తయిన సెల్యులార్ జైలుతో దీన్ని కలిపేయకండి, ప్రిలిమ్స్‌లో ఇక్కడే పడిపోతారు.) మన రంప పితూరీ ఖైదీలూ తర్వాత ఈ దీవులకే వచ్చారు. మగ ఖైదీలు వేలల్లో ఉంటే ఆడవాళ్లు చాలా తక్కువ. మగవాళ్ల బ్యారక్‌లలో ‘అసహజ నేరం’ జరుగుతుందన్న ఆందోళన ఆనాటి అధికారుల రాతల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. దానికి వాళ్లు ఎంచుకున్న మందుల్లో పెళ్లి ఒకటి.

పద్ధతి ఇలా ఉండేది. ఆడ ఖైదీలను సౌత్ పాయింట్‌లోని మహిళా జైలులో ఉంచేవారు. అయిదేళ్లు గడిస్తే పెళ్లికి అర్హత. మగ ఖైదీ దాదాపు పదేళ్ల కష్టం తర్వాత ‘సెల్ఫ్ సపోర్టర్’ అయ్యి, సొంతంగా బతికే అనుమతి పొందితే అతనికీ పెళ్లి అర్హత వచ్చేది. అనుమతి ఇవ్వాల్సింది అమ్మానాన్నలు కాదు, కులపెద్దలు కాదు, స్థావరం అధికారి. అలా ఏర్పడ్డ కుటుంబాల సంతానాన్నే ఇక్కడ ‘లోకల్ బార్న్’ అంటారు. ప్రాంతం, భాష, కులం కలిసిపోయిన ఇళ్లు అవి. ప్రధాన భూభాగంలో ఆ రోజుల్లో ఊహకైనా రాని సంబంధాలు ఇక్కడ సర్కారు కాగితం మీద కుదిరాయి.

ఇదేదో ఉదారత అనుకోకండి. ఆ ఆడవాళ్లకు నిజంగా ఎంత ఎంపిక ఉందన్నది వేరే ప్రశ్న, నా లెక్కలో చాలా తక్కువ. నేను పట్టుకోమనేది ఇంకొకటి. ‘పెళ్లి అనే వ్యవస్థ అనాదిగా మారలేదు, ప్రభుత్వం దాన్ని ముట్టుకోకూడదు’ అనే వాదన మీరు ఎక్కడ చదివినా, ప్రభుత్వం తన అవసరానికి దాన్ని బాగానే మార్చిందని చెప్పడానికి పోర్ట్ బ్లెయిర్ చాలు. సరిగ్గా అదే కాలంలో ఐపీసీ తయారై 1862 జనవరి 1న అమల్లోకి వచ్చింది. అందులో 377 సెక్షన్ ఉంది. ఏ బంధం నేరమో, ఏ బంధం సంసారమో రెండూ ఒకే పాలన నిర్ణయించింది.

తెలుగు నేల నుంచి ఇంకో ఉదాహరణ తీసుకుందాం. వితంతు పునర్వివాహ చట్టం 1856లో వచ్చింది. కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబర్ 11న. అంటే చట్టం ముందు వచ్చింది, పెళ్లి పాతికేళ్ల తర్వాత జరిగింది. స్వలింగ జంటల విషయంలో ఇది తిరగబడింది. 2021 డిసెంబర్‌లో హైదరాబాద్‌లో సుప్రియో చక్రబర్తి, అభయ్ డాంగ్ బంధుమిత్రుల మధ్య పెళ్లి వేడుక చేసుకున్నారు. దానికి చట్టం ఇంకా లేదు. 2022 నవంబర్‌లో వాళ్లు సుప్రీంకోర్టుకు వెళ్లారు. కేసు పేరులో ‘సుప్రియో’ అని ఉన్నది అందుకే.

వాళ్లు అడిగింది 1954 ప్రత్యేక వివాహ చట్టం తమకూ వర్తించాలని. కేంద్రం దీన్ని పట్టణ ఉన్నతవర్గాల అభిప్రాయంగా వర్ణించింది. రాష్ట్రాల అభిప్రాయం అడిగితే వ్యతిరేకించిన మూడింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి (మిగతావి రాజస్థాన్, అసోం). 2023 అక్టోబర్ 17న అయిదుగురు జడ్జీల ధర్మాసనం తీర్పు చెప్పింది. పెళ్లి చేసుకోవడం ప్రాథమిక హక్కు కాదు, చట్టం మార్చాల్సింది పార్లమెంటు అన్నదాంట్లో అయిదుగురూ ఒక్కటే. చీలిక వచ్చింది వేరే చోట: జంటగా గుర్తింపు పొందే హక్కు, కలిసి దత్తత తీసుకునే హక్కు. వీటిలో చీఫ్ జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ కౌల్ మైనారిటీలో మిగిలారు. ‘3-2తో పెళ్లి హక్కు తిరస్కరించారు’ అని రాస్తే తప్పు, జాగ్రత్త. రివ్యూ పిటిషన్లు కూడా 2025 జనవరిలో కొట్టేశారు.

మెజారిటీ వాదనను తేలిగ్గా తీసుకోవద్దు. ఒక్క పదం మారిస్తే వారసత్వం, విడాకులు, భరణం, అన్ని చట్టాలూ కదులుతాయి, ఆ పని కోర్టు చేయలేదన్నారు. అందులో బలం ఉంది. నాకు నచ్చనిది దాని తర్వాత మిగిలిన ఖాళీ.

ఆ ఖాళీ ఎలా ఉంటుందో ఒక ఇంట్లోకి వెళ్లి చూడండి. పదేళ్లుగా కలిసి ఉంటున్న ఇద్దరు. అద్దె, కిరాణా, కరెంటు బిల్లు కలిపే కడతారు. తీర్పు తర్వాత కేబినెట్ సెక్రటరీ అధ్యక్షతన కమిటీ వేశారు. 2024 ఆగస్టులో కొన్ని సర్క్యులర్లు వచ్చాయి: ఇద్దరినీ ఒకే కుటుంబంగా చూసి రేషన్ కార్డు ఇవ్వొచ్చు, బ్యాంకులో జాయింట్ అకౌంట్ తెరవొచ్చు, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవచ్చు, దగ్గరి బంధువులు లేనప్పుడు భాగస్వామి మృతదేహాన్ని తీసుకోవచ్చు. ఇవి చిన్నవి కావు. ఆన్సర్‌లో తప్పక రాయండి.

కానీ నామినీ అంటే డబ్బు అందుకునే చెయ్యి మాత్రమే, వారసుడు కాదు. సుప్రీంకోర్టు ఈ మాట 1983 సర్బతీ దేవి కేసు నుంచీ చెబుతోంది. వీలునామా లేకుండా ఒకరు పోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆస్తి రక్తసంబంధీకులకు వెళ్తుంది, పదేళ్లు వండిపెట్టిన మనిషికి ఏమీ రాదు. 2015లో బీమా చట్టం సవరించి కొందరు నామినీలకు సొమ్ము మీద సొంత హక్కు ఇచ్చారు. తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు. ఆ జాబితాలోనూ వీళ్లు లేరు. భార్యాభర్తల మధ్య బహుమతికి పన్ను లేదు, వీళ్ల మధ్య అయితే ఏడాదికి 50,000 రూపాయలు దాటితే పన్ను లెక్కలోకి వస్తుంది. ఇక ఫ్యామిలీ పెన్షన్. అండమాన్‌లో సర్కారు ఉద్యోగమే పెద్ద ఆధారం, మనమంతా చదివేదీ దానికోసమే. రూల్స్‌లో ఉన్న మాట భార్య లేదా భర్త. సర్వీసులో ముప్పై ఏళ్లు చేసినా భాగస్వామికి ఆ పెన్షన్ రాదు.

ఈ మధ్యలో హైకోర్టులు చిన్న చిన్న తలుపులు తెరుస్తున్నాయి. 2024 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విజయవాడకు చెందిన ఒక జంట హెబియస్ కార్పస్ కేసులో, తల్లిదండ్రులు నిర్బంధించారన్న యువతికి తన భాగస్వామితో ఉండే హక్కు ఉందని చెప్పింది. ఇద్దరూ మేజర్లు, ఇద్దరూ ఆడవాళ్లు. 2025 మేలో మద్రాస్ హైకోర్టు ఇంకో అడుగు వేసింది: కుటుంబం ఏర్పడటానికి పెళ్లి ఒక్కటే దారి కాదంది. దీనికి ముందు మాట 2022 దీపికా సింగ్ కేసులో ఉంది. అది ప్రసూతి సెలవు కేసు, అయినా కుటుంబాలు రకరకాలుగా ఉంటాయని సుప్రీంకోర్టు అందులోనే రాసింది. చాలామందికి ఈ కేసు తెలియదు, వాడుకోండి.

పోలికకు రెండు దేశాలు చాలు. తైవాన్ 2019లో, థాయ్‌లాండ్ 2025 జనవరిలో స్వలింగ వివాహాన్ని చట్టబద్ధం చేశాయి. ఆసియాలో సాధ్యం కాదనే మాటకు ఇవే జవాబు. పోర్ట్ బ్లెయిర్ నుంచి చూస్తే థాయ్‌లాండ్ తీరం చెన్నై కంటే దగ్గర, మ్యాప్ తీసి చూసుకోండి.

ప్రాక్టీస్ కోసం, 250 పదాల్లో: ‘కలిసి బతికే హక్కు ఉంది, కలిసి బతికిన ఫలితం మీద హక్కు లేదు.’ సుప్రియో తీర్పు, 2024 సర్క్యులర్లు, వారసత్వ చట్టాల వెలుగులో చర్చించండి.